ఆగిపోయిన చుక్క

శంషాబాద్ పాత బస్టాండు వెనక సందులో నాకొక జిరాక్స్ షాపుంది. నా పేరు జగదీశ్. పక్క షట్టర్ ఘియాసుద్దీన్‌ది. ఆయన గీజర్లు బాగుచేస్తాడు. పదిహేనేళ్ళుగా మా ఇద్దరి మధ్య నాలుగంగుళాల గోడ ఒక్కటే అడ్డం. అటు ఆయన సుత్తి వేస్తే ఇటు నా టేబుల్ మీద గాజు పలక అదిరేది.

ఆయన షాపుకు బోర్డు లేదు. లోపల కొక్కేలకు వేలాడే పాత ట్యాంకులే బోర్డు. పొద్దున్నే జల్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. టంకం పని చేసీ చేసీ కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడిపోయింది. వాళ్ళ నాన్న పాతబస్తీలో రాగి హమాంలు చేసేవాడట. హమాం అంటే నీళ్ళు కాచుకునే బాయిలర్, మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళు. దానికి చిల్లి పడితే టంకం పెట్టేవాళ్ళు. మళ్ళీ పడితే మళ్ళీ పెట్టేవాళ్ళు. తాత కొన్న హమాం నీళ్ళే మనవడూ పోసుకునేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు కాబట్టి ఘియాసుద్దీన్ దృష్టిలో వస్తువును పారేయడమంటే పని రాకపోవడమే.

“కొత్తది కొనుమని చెప్పనీకి మెకానిక్ ఎందుకు తమ్మీ?” అనేవాడు నాతో. “పాతది నడిపిస్తెనే మెకానిక్.”

జనానికి ఈ మాట నచ్చేది. విమానాశ్రయం వచ్చిన తరువాత చుట్టూ కాలనీలు లేచాయి. ఇంటికో గీజర్ వచ్చింది. అందరివీ బోరు నీళ్ళు. ఆ నీళ్ళలోని సున్నం రెండేళ్ళకే నీళ్ళు కాచే కాయిల్ మీద పెంకు కట్టేది. కంపెనీ మనుషులు వచ్చి ‘ఇది పోయింది, మార్చుకోండి’ అని వెళ్ళిపోయేవాళ్ళు. ఘియాసుద్దీన్ వచ్చి సున్నం గీకి, కాయిల్ మార్చి, తుప్పు పట్టిన చోట అతుకు వేసి, మధ్యాహ్నానికల్లా నీళ్ళు కాగించేవాడు. రాజేంద్రనగర్ నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మా ఇంటి గీజర్ కూడా ఆయన చేతి మీదే నడిచింది.

ఆయన ఎక్కువసార్లు బాగుచేసిన గీజర్ మాత్రం ఐలయ్యది.

ఐలయ్య రైతు. శంషాబాద్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఊరు. విమానాశ్రయానికి పోగా మిగిలిన రెండెకరాల్లో బంతి, చామంతి పెంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపేవాడు. విమానాలు దిగడం మొదలైన ఏడాదే స్లాబు ఇల్లు కట్టాడు. మేడ మెట్ల కింద బాత్రూం పెట్టించి, అందులో ఇరవై అయిదు లీటర్ల గీజర్ బిగించాడు. ఆ ఊళ్ళో మొదటి గీజర్ అదే. అందుకని దాని మీద ఆయనకు మమకారం. భార్య శివమ్మ రెండు మూడుసార్లు కొత్తది తెద్దామంటే, “ఇది మంచిగనే ఉన్నది గద” అని కొట్టిపారేశాడు.

నిజానికి అది మంచిగా లేదు. మొదట్లో పొద్దున తిప్పగానే అర బకెట్ వరకు నీళ్ళు ఎర్రగా వచ్చేవి. కాసేపు వదిలేస్తే తేటపడేవి, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తరువాత స్విచ్ వేస్తే లోపల జొన్న పేలాలు వేగినట్టు చిటపటలు మొదలయ్యాయి. ఘియాసుద్దీన్ విప్పి చూస్తే అడుగున బొచ్చెడు సున్నం. గీకి పారేశాడు. మరుసటి ఏడు ట్యాంకు కింద తుప్పు మరక ఒకటి తేలింది. రూపాయి బిళ్ళంత మరక. దాని మీద మందు పూసి, రంగు వేశాడు. రంగు వేస్తే మరక కనబడదు. ఇవన్నీ విడివిడిగా, ఏడాదికొకటిగా వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ ఒక్కొక్క రిపేరుగానే ఇద్దరూ చూశారు.

ఆ తరువాతి చలికాలంలో సేఫ్టీ వాల్వ్ కారడం మొదలుపెట్టింది. గీజర్ కిందికి నీళ్ళు వచ్చే పైపు దగ్గర ఉంటుంది అది, వేలెడంత ఇత్తడి ముక్క. నీళ్ళు కాగి ఉబ్బినప్పుడు లోపలి ఒత్తిడిని చుక్కలుగా బయటికి వదలడమే దాని పని. ఐలయ్యకు అదంతా తెలియదు. తెలిసిందల్లా పొద్దస్తమానం బాత్రూంలో టపటపమంటున్న చుక్క.

“గియాస్ భాయ్, గా చుక్క ఆపు జర. దిమాఖ్ ఖరాబ్ అయితున్నది” అన్నాడు.

వాల్వ్ మార్చాలి. ఆ సైజుది ఆ రోజు ఘియాసుద్దీన్ సంచిలో లేదు. ఉన్నది ఒక ఇత్తడి డమ్మీ, అంటే రంధ్రానికి బిగించే మూత. వాల్వ్ కారే మూతికి టేపు చుట్టి ఆ డమ్మీ బిగించాడు. చుక్క ఆగిపోయింది.

“రెండు దినాలల్ల కొత్తది తెచ్చి ఏస్త ఐలన్నా. అందాక నడవనియ్” అన్నాడు.

ఆ రెండో రోజు ఆయన భార్య ఫరీదాకు కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ దాకా పోయింది. వారం రోజులు షాపు తెరవలేదు. తెరిచాక ఆ సంగతి గుర్తు రాలేదు. ఐలయ్య కూడా ఫోను చెయ్యలేదు. చుక్క కారడం లేదు గనక ఆయనకు చెయ్యాల్సిన పనీ లేదు. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. తరువాత ఘియాసుద్దీన్ చెబితేనే తెలిశాయి.

మరో ఏడాది గడిచింది. ఐలయ్య కూతురు పూర్ణిమ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. డిసెంబర్ మొదటి వారంలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఇంటికి తెచ్చిన నాలుగు రోజులకే గీజర్ మొరాయించింది. నీళ్ళు గోరువెచ్చగా కూడా కావడం లేదు. ఘియాసుద్దీన్ అప్పుడు చెల్లెలి కూతురి పెళ్ళికి బీదర్ వెళ్ళాడు. పసిబిడ్డకు వేడినీళ్ళు లేకపోతే ఎలాగని ఐలయ్య పక్క వీధిలో కొత్త ఇంటికి కరెంటు పని చేస్తున్న వైర్‌మన్‌ను పిలుచుకొచ్చాడు. అతను పది నిమిషాల్లో చూసి, థర్మోస్టాట్ పోయిందన్నాడు. నీళ్ళు కాగాక కరెంటు ఆపేది అదే. అతను దాన్ని పక్కన పెట్టి, తీగను నేరుగా కాయిల్‌కే కలిపేశాడు.

“ఇగ పరేషాన్ లేదు. మంచిగ కాగుతయ్” అని చెప్పి పోయాడు.

మంచిగానే కాగాయి. కాగడం ఆపే భాగం లేదు. ఒత్తిడి బయటికి పోయే దారి ఏడాది కిందటే మూతపడింది. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. ఇంట్లో వాళ్ళకు రెండూ తెలియవు.

సత్తెమ్మ గురించి చెప్పాలి. ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళలో పసిపిల్లలకు నీళ్ళు పోసే మనిషి ఆమె. అరవై దాటినా చేతుల్లో బలం తగ్గలేదు. పొద్దున్నే ఇంటింటికీ నడిచి వెళ్తుంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె రుద్ది, వేడివేడి నీళ్ళు పోస్తుంది. ఐలయ్య మనవరాలికి కూడా ఆమే పోస్తున్నది.

ఆ రోజు మంగళవారం. పొద్దున ఎనిమిదిన్నర. సత్తెమ్మ పింఛను కోసం ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకోవడానికి నా షాపుకు వచ్చింది. ఘియాసుద్దీన్ బీదర్ నుంచి ముందు రోజే వచ్చాడు. నా గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

“ఇప్పుడు ఎవరింటికి పోతున్నవ్ అవ్వా?” అని అడిగాను, మిషన్ వేడెక్కేలోగా ఏదో ఒకటి మాట్లాడాలని.

“ఐలయ్యోళ్ళింటికి. ఆడ ఒక్క తాన నీళ్ళు పోసొస్తె ఈ పొద్దుటికి అయిపాయె” అంది. తరువాత తనంతట తానే, “వాళ్ళ మిషన్ ఏందో గాని నాయినా, నల్లా తిప్పితే నీళ్ళు రావు, ముందుగాల బుస్సుమని పొగనే వస్తది. ఒక చెంబు వేడినీళ్ళకు బకెట్ సన్నీళ్ళు కలిపితే గాని బిడ్డ మీద పొయ్యరాదు” అంది.

ఘియాసుద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఎన్ని దినాలాయె గట్ల?”

“నాలుగైదు దినాలాయె. ఎవడో పోరడు వచ్చి బాగుచేసిండట. అప్పటిసంది.”

“స్విచ్ ఎప్పుడేస్తరు?”

“తెల్లారంగనే ఏస్తరు. నేను పొయ్యేదాంక ఉంటది. ఇయ్యాల జర ఆలస్యమాయె నాకు.”

“అవ్వా, దాని కింద చుక్కలు కారుతున్నయా? పైపు కాడ?”

సత్తెమ్మ ఆలోచించింది. “లేదు బిడ్డా. పొడిగ ఉంటది. ఒక్క చుక్క కారదు.”

పదిహేనేళ్ళలో ఆయన ముఖం అలా మారగా నేను చూడలేదు. లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీసి ఐలయ్యకు కలిపాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు. స్కూటర్ దగ్గరికి పోయి రెండుసార్లు కిక్ కొట్టాడు. చలికి అది స్టార్ట్ కాలేదు.

“జగదీశ్, బండి తియ్” అన్నాడు.

“ఏమైంది భాయ్?”

“తియ్. దారిల చెప్త.”

సత్తెమ్మను షాపులో కూర్చోమని చెప్పి బయల్దేరాం. దారిలో ఆయన చెప్పింది రెండే మాటలు. “నేను మూత బిగించిన. ఆడు డైరెక్ట్ చేసిండు.” నాకు అర్థం కాలేదు. వెనక కూర్చున్న మనిషి చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి నన్ను ముందుకు తోస్తూనే ఉంది. హైవే కింద అండర్‌పాస్‌లో నీళ్ళ ట్యాంకర్లు బారుగా నిలిచిపోయాయి. ఆయన బండి దిగి ఒక్కో ట్యాంకర్ డ్రైవర్‌నూ బతిమాలి పక్కకు జరిపించాడు. ఈ మధ్యలోనే ఇంకో మూడుసార్లు ఫోను చేశాడు. మోగుతూనే ఉంది.

ఐలయ్య ఇంటికి చేరేసరికి తొమ్మిది కావస్తున్నది. వాకిట్లో ఎండలో చాప వేసుకుని పూర్ణిమ కూర్చుంది. ఒళ్ళో బిడ్డ. ఒంటికి నూనె పట్టించి, మెత్తని గుడ్డ చుట్టి, సత్తెమ్మ కోసం ఎదురుచూస్తున్నది. ఐలయ్య పూలగంపలు కడుగుతున్నాడు. ఫోను లోపలెక్కడో ఛార్జింగ్‌లో ఉంది.

“గియాస్ భాయ్, పెండ్లి మంచిగ అయిందా?” అని అడిగాడు ఐలయ్య.

ఘియాసుద్దీన్ వరండాలో ఉన్న మీటర్ బోర్డు దగ్గరికి పోయి మెయిన్ దించేశాడు. లోపల ఎక్కడో వినబడుతున్న టీవీ ఆగిపోయింది.

“శివమ్మక్క ఏది?”

“బాత్రూంల పీట ఏస్తున్నది” అంది పూర్ణిమ.

ఆయన మెట్ల వైపు నడిచి, బాత్రూం తలుపుకు రెండు గజాల దూరంలో ఆగాడు. నేను వెనకే ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. శివమ్మ గీజర్ కింద పీట వేసి, బకెట్‌ను నల్లా కిందికి జరుపుతున్నది. గీజర్ నుంచి ఏ చప్పుడూ లేదు. జొన్న పేలాల చిటపట లేదు, బుసా లేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టిందని ఘియాసుద్దీన్ తరువాత చెప్పాడు. నీళ్ళు మరుగుతుంటే చప్పుడొస్తుంది. మరగడానికి కూడా చోటు లేనంత ఒత్తిడి ఉంటే చప్పుడు రాదట. తెల్లటి ట్యాంకు అడుగు గుండ్రంగా ముందుకు ఉబికి ఉంది. ఆయన వేసిన రంగు అక్కడ పెళ్ళలుగా లేచింది. కరెంటు ఆపినా లోపలి ఒత్తిడి అప్పటికప్పుడు తగ్గదు.

“అక్కా” అన్నాడు మెల్లగా, నిద్రపోతున్న మనిషి దగ్గర మాట్లాడినట్టు. “నల్లా ముట్టకు. బకెట్ ఆడనే వదిలెయ్. బయటికి రా.”

“ఏమాయె?”

“వచ్చినంక చెప్త. రా అక్కా.”

శివమ్మ ఆయన ముఖం చూసి ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చింది. ఆయన నాతో, “అందరినీ గేటు బయటికి తీస్కపో” అన్నాడు. నేను పూర్ణిమను లేపి, శివమ్మను పట్టుకుని రోడ్డు దాకా నడిపించాను. ఐలయ్య మాత్రం రాలేదు. తన ఇంట్లో తనకు చెప్పకుండా కరెంటు ఆపి, ఆడవాళ్ళను బయటికి తోలడం ఆయనకు నచ్చలేదు.

“ఏంది భాయ్ ఇది? ఏమైందో సూడనియ్” అంటూ బాత్రూం వైపు కదిలాడు.

ఘియాసుద్దీన్ ఆయన అంగీ వెనక నుంచి పట్టుకుని లాగాడు. ఐలయ్య విదిలించుకోబోయాడు. ఇద్దరూ వరండా స్తంభం దాకా వచ్చారు. నేను గేటు దగ్గర నుంచి చూస్తున్నాను.

ఆ శబ్దాన్ని ఎలా చెప్పాలో ఈ రోజుకూ నాకు తెలియదు. నేల కింద నుంచి వచ్చినట్టు అనిపించింది. బాత్రూం తలుపు ఊడి వాకిట్లో పడింది. మెట్ల కింద నుంచి తెల్లటి ఆవిరి ఒక్కసారిగా లేచి వాకిలంతా నిండిపోయింది. పైన మెట్ల స్లాబు రెండుగా పగిలింది. పూర్ణిమ బిడ్డను గుండెకు హత్తుకుని రోడ్డు మీద కూలబడింది. బిడ్డ ఏడవలేదు. చాలాసేపు ఏడవలేదు. శివమ్మ దాని ముఖం మీద చెయ్యి పెట్టి పిలుస్తూనే ఉంది. చివరికి ఏడ్చినప్పుడు మేమంతా ఆ ఏడుపు వింటూ అలాగే నిలబడిపోయాం.

ఆవిరి పలచబడ్డాక చూస్తే ఇద్దరూ స్తంభం పక్కన పడి ఉన్నారు. ఐలయ్య నుదుటికి ఇటుక పెచ్చు తగిలి నెత్తురు కారుతున్నది. తలుపు వైపు ఉన్నది ఘియాసుద్దీన్. ఎడమచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా కాలిపోయింది. ఆయన లేచి కూర్చుని నన్ను చూస్తున్నాడు. నేను మాట్లాడుతుంటే నా పెదవులకేసి చూస్తున్నాడు. ఎడమ చెవి అప్పుడే పోయింది.

ఊరు ఊరంతా వచ్చింది. షాపులో ఉండబట్టలేక మా వెనకే ఆటో ఎక్కి సత్తెమ్మ కూడా చేరుకుంది. బాత్రూంలోకి తొంగిచూసింది. గీజర్ అడుగు ఊడి నేరుగా కిందికి కొట్టింది. పీట రెండు చెక్కలై, ఒక చెక్క నేలలోకి దిగబడి ఉంది.

“రోజూ గా పీట మీదనే కాళ్ళు చాపుకొని కూసుంట” అంది సత్తెమ్మ, ఎవరితోనూ కాకుండా. మట్టిలోనే కూర్చుండిపోయింది.

ఐలయ్య నెత్తుటి ముఖంతోనే ఘియాసుద్దీన్ కాళ్ళ దగ్గర వంగాడు. “దేవుడోలె వచ్చినవ్ భాయ్. నా బిడ్డను, మనుమరాలిని కాపాడినవ్” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదే మాట అన్నారు. ఘియాసుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు. నొప్పికి మూసుకున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

రాజేంద్రనగర్ దగ్గర ఒక దవాఖానలో ఆయన పన్నెండు రోజులు ఉన్నాడు. వచ్చేపోయేవాళ్ళంతా ఆయన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. ఫరీదా మాత్రం ఏదో కనిపెట్టింది. ఒక సాయంత్రం వరండాలో నన్ను ఆపి, “తమ్ముడూ, ఈయన తినడం లేదు. మంచి మాట ఎవరన్నా చెప్తే గోడ దిక్కు తిరుగుతున్నడు. ఏమైంది?” అని అడిగింది. నాకు దారిలో ఆయన అన్న రెండు మాటలు గుర్తొచ్చాయి. డాక్టరును కలిసొస్తానని చెప్పి అక్కడి నుంచి తప్పుకున్నాను.

ఆరో రోజు ఐలయ్య, శివమ్మ వచ్చారు. సంచిలో సంత్రాలు తెచ్చారు. శివమ్మ ఒకటి ఒలిచి తొనలు తీస్తుంటే ఘియాసుద్దీన్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

“ఐలన్నా, నాకు దండాలు పెట్టకు” అన్నాడు. “పోయినేడు నీ వాల్వ్‌కు మూత బిగించింది నేనే. రెండు దినాలల్ల వస్త అన్న. రాలే. ఆ పోరడు తప్పు చేసిండు. కాని ఆ చుక్క కారుతుంటే ఆడు చేసిన తప్పుతోని ట్యాంకు పేలకపోయేది. దారి మూసింది నేను.”

ఐలయ్య ఆయన కట్టు కట్టిన చెయ్యి వైపు చూశాడు.

“ఇంకోటి చెప్పాలె. అది రెండేండ్ల కిందనే మార్చవలసిన ట్యాంకు. తుప్పు కనిపించిన నాడే నాకు తెలుసు. మా అబ్బా హమాంలకు అతుకులు ఏస్తుండె, నేను గీజర్లకు ఏస్తున్న అనుకున్న. హమాంకు పైన నోరు తెరిచి ఉంటది. కారితే కారుతది, పేలదు. ఇది నాలుగు దిక్కుల మూసిన ట్యాంకు. ఈ ఫరక్ నాకు తెల్వదని కాదు. తెలిసే పట్టించుకోలే.”

శివమ్మ చేతిలో సంత్రా తొన అలాగే ఉండిపోయింది. ఐలయ్య లేచి నిలబడ్డాడు. కాసేపు కిటికీ బయటికి చూశాడు. బయటికి నడిచాడు. శివమ్మ ఒలిచిన తొనలను పళ్ళెంలో పెట్టి, ఆయన వెనకే వెళ్ళింది.

ఆ తరువాత రెండు నెలలు ఆ ఇంటి నుంచి కబురు లేదు. ఊళ్ళో విషయం తెలిసిపోయింది. దేవుడన్నవాళ్ళే ఇప్పుడు వేరే మాటలన్నారు. షాపుకు రాకపోకలు తగ్గాయి. నేను కూడా, ఒప్పుకోవాలి, మా ఇంటి గీజర్ స్విచ్ మీద టేపు అంటించి వాడకం మానేశాను.

ఫిబ్రవరి చివర ఒక రోజు ఐలయ్య వచ్చాడు. లోపలికి రాలేదు. షట్టర్ ముందు నిలబడి మాట్లాడాడు.

“చుక్క ఆపుమన్నది నేను. మా ఇంటామె మార్చుదమంటే వద్దన్నది నేను. అది నీకు చెప్పనీకి వచ్చిన. కొత్తది పెట్టిచ్చిన. కంపెనీవాళ్ళు వచ్చి పెట్టిన్రు. నీ మీద కోపం లేదు భాయ్. కాని ఇగ నా ఇంట్ల నీ చెయ్యి పెట్టనియ్య.”

“సరే అన్నా” అన్నాడు ఘియాసుద్దీన్. “ఏడాదికోసారి వాల్వ్ పనిచేస్తున్నదో లేదో సూపిచ్చుకో. ఎవరితోనైన సరే.”

ఐలయ్య తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి ఘియాసుద్దీన్ షాపు ఒక్క పూట మాత్రమే తెరవడం మొదలుపెట్టాడు. మిగిలిన పూట తిరిగేవాడు. ‘రెండు దినాలు’ అని చెప్పి మూత బిగించిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రాసి పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. కళ్ళు మూసుకుని కూర్చుని, సందు సందుగా గుర్తు చేసుకుని, నాతో కాగితం మీద రాయించాడు. పదకొండు తేలాయి.

మొదట మా ఇంటికి వచ్చాడు. మాది ఆ పదకొండులో లేదు. అయినా విప్పి చూశాడు. నా భార్య మనీషా పక్కన నిలబడి ఉంటే అడిగాడు. “ఎన్నేండ్లయింది చెల్లె? నీళ్ళు ఎర్రగ వస్తున్నయా? స్విచ్ ఏస్తే లోపల చప్పుడైతున్నదా? నల్లా ముట్టుకుంటే వేళ్ళకు చిమచిమ అంటున్నదా?” ఆమె ఏళ్ళ లెక్క చెప్పి, వాడినన్నాళ్ళూ మిగిలినవన్నీ ఉన్నాయనే చెప్పింది. మేము వాటిని ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడలేదు.

“ఇది అయిపోయింది. తీసెయ్ జగదీశ్” అన్నాడు. పదిహేనేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

పదకొండు ఇళ్ళలో పది దొరికాయి. కొందరు తిట్టారు. ఒకాయన బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకుంటావని గేటే తెరవలేదు. ఘియాసుద్దీన్ మూడు పొద్దులు అదే గేటు ముందు నిలబడితే నాలుగో రోజు తెరిచాడు. వాటిలో తొమ్మిదింటిలో తన సొంత ఖర్చుతో మూతలు తీసి వాల్వ్‌లు వేశాడు. నాలుగు ట్యాంకులు ఇక పనికిరావని చెప్పాడు. పదో ఇంటివాళ్ళు గీజర్ తీసేసి ఎప్పుడో సోలార్ పెట్టించుకున్నారు.

దొరకనిది ఒక్కటి. రావిర్యాల వైపు ఒక కాలనీ. నాలుగేళ్ళ కిందట రాజయ్య అనే మేస్త్రీ బండి మీద ఎక్కించుకుని తీసుకుపోతే వెళ్ళాడు. ఆ రాజయ్య ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అతని ఫోను నంబరు పనిచేయడం లేదు. గుర్తున్నది ఆకుపచ్చ గేటు, బాత్రూంలో నీలం టైల్స్, కోస్తా వైపు మాట మాట్లాడే ఒక పెద్దావిడ. ఆమె మజ్జిగ ఇచ్చి, “మళ్ళీ ఎప్పుడొస్తారండీ?” అని అడిగింది. “రెండు దినాలల్ల వస్తనమ్మా” అని చెప్పి వచ్చాడు.

గేట్లకు రంగులు మారతాయి. ఆకుపచ్చ గేటు ఇప్పుడు నల్లగా ఉండవచ్చు. కిరాయికి ఉన్నవాళ్ళయితే ఖాళీ చేసి పోయుండవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ మూత సంగతి అసలే తెలియదు. చుక్క కారని గీజర్‌ను ఎవరూ అనుమానించరు. ఈ మాటలు ఆయన నాతో ఒక్కసారే అన్నాడు. తరువాత మాట్లాడలేదు, తిరగడమే.

ఇప్పటికి రెండు చలికాలాలు అయ్యాయి. పొద్దున నమాజు కాగానే జల్‌పల్లి నుంచి నేరుగా అటే పోతాడు. పది గంటలకు షాపుకు వస్తాడు. ఎడమ వైపు నుంచి పిలిస్తే ఆయనకు వినబడదు, కాబట్టి నేను కుడివైపు నిలబడి మాట్లాడతాను. ఫరీదా మానుకోమని చెప్పి చెప్పి ఊరుకుంది.

మొన్న జనవరిలో ఒక పొద్దున నేనూ వెంట వెళ్ళాను. మంచు ఇంకా విడవలేదు. కాలనీ అంతా అప్పుడప్పుడే లేస్తున్నది. ఒక్కో ఇంటి పక్కన బాత్రూం వెంటిలేటర్‌లో లైటు వెలుగుతున్నది. ఒకటి, తరువాత దాని పక్కది, తరువాత ఎదురు వరసలోది. ఆయన ఆ వెలుగులను ఒక్కొక్కటిగా చూస్తూ నడుస్తున్నాడు. నాలుగు ఇళ్ళు అడిగాం. కాదన్నారు. ఐదో ఇంటి గేటుకు బూడిదరంగు. అంచు దగ్గర రంగు లేచిన చోట కింద ఏదో వేరే రంగు కనబడుతున్నది. ఆకుపచ్చో నీలమో ఆ వెలుతురులో తెలియలేదు.

ఆయన గడియ మీద కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. లోపల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. మమ్మల్ని కాదు, ఇంట్లో ఎవరినో పిలుస్తున్నది.

“నీళ్ళు కాగాయి, స్నానానికి రండి.”

ఘియాసుద్దీన్ నా వైపు తిరిగాడు. “ఏమంటున్నరు?” అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన రెండు చేతులతో గేటును బాదడం మొదలుపెట్టాడు.